ఒకే క్లాసులో గోండీ, లంబాడీ, మరాఠీ, ఉర్దూ పిల్లలు: ఇంగ్లీష్ రాయించేదెట్ల?

అడవిబడి (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్తే. నేను ఆసిఫాబాద్ జిల్లాల ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఇంగ్లీష్ స్కూల్ అసిస్టెంట్‌ని. బదిలీల్లో ఇటు వచ్చిన. ఎనిమిదో తరగతిలో సగం మంది ఇంట్ల గోండీ మాట్లాడతరు. మిగిలినోళ్లలో తండా పిల్లలు, మరాఠీ ఇళ్ల పిల్లలు, ఉర్దూ వాళ్లు, కొద్దిమంది తెలుగోళ్లు. ఇద్దరు కొలాం తెగ ఆడపిల్లలున్నరు, వాళ్లు క్లాసుల నోరే తెరవరు. లెక్కలు, సైన్సు పుస్తకాలు 2022–23 నుంచి ఒక పేజీ ఇంగ్లీష్, పక్క పేజీ తెలుగు వస్తున్నయి. మంచిదే. కానీ గోండు పిల్లకు ఆ రెండు పేజీలూ పరాయివే, ఆ మాట మీటింగుల ఎవరూ అనరు.

ఇప్పుడు నా సమస్య. మొన్న "మా ఊరు" మీద పది లైన్లు రాయమన్న. సగం నోటుబుక్కుల్లో ఒకటే వ్యాసం: "మై విలేజ్ ఈజ్ వెరీ బ్యూటిఫుల్. ఇట్ ఈజ్ సిట్యుయేటెడ్ ఆన్ ది బ్యాంక్స్ ఆఫ్ ఎ రివర్. దేర్ ఈజ్ ఎ పోస్టాఫీస్ అండ్ ఎ బ్యాంక్." గైడుల నుంచి దింపిన్రు. ఆ ఊర్లల్ల పోస్టాఫీసూ లేదు, బ్యాంకూ లేదు. స్పెల్లింగ్ ఒక్కటి తప్పు లేదు.

ఒక పిల్ల మాత్రం ఇట్ల రాసింది: "మై విలేజ్ ఇన్ వన్ రివర్ ఈజ్ దేర్. రెయినీ సీజన్ రివర్ ఫుల్ కమ్. స్కూల్ గో నాట్. మై ఫాదర్ షోల్డర్ మై బ్రదర్ సిట్. ఐ హ్యాండ్ క్యాచ్."

ఎర్ర పెన్ను పడితే ప్రతి లైను కింద గీతే. కానీ చదివితే వాగు దాటుడు కండ్ల ముందట కనవడ్తది. ఈ రెండిట్ల దేనికి ఎక్కువ మార్కులెయ్యాలె? రెండో పిల్లను పాడు చెయ్యకుంట వాక్యం సరిగ్గ రాసేటట్టు ఎట్ల చేయాలె? చేసి చూసినోళ్లు చెప్పుండ్రి.

చాక్‌పీసు

అమ్మా, గుంటూరు జిల్లాలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన వాణ్ణి. మొహమాటం లేకుండా చెబుతాను. మొదటి దానికే మార్కులు వేయండి. పదో తరగతి పేపరు దిద్దేవాడికి మీ వాగు కనపడదు, వ్యాకరణం కనపడుతుంది. టెన్సులు రాని పిల్లచేత సొంతంగా రాయించడమంటే ఈత రాని వాణ్ణి చెరువులోకి తోయడమే. ముందు టేబుల్స్ వల్లె వేయించండి, యాక్టివ్–పాసివ్ మార్పించండి, ఆనక వ్యాసం. మేమంతా అలాగే నేర్చుకున్నాం, ఇవాళ మీతో ఇంగ్లీషు పేపరు చదివి వాదించగలుగుతున్నాం.

అమీర్‌పేట్_ట్రైనర్

మాస్టారూ, మీ పద్ధతిలో పాసైనవాళ్లే డిగ్రీ పట్టా పట్టుకుని నా దగ్గరికొస్తారు. లీవ్ లెటర్ రాయమంటే పెన్ను తియ్యకుండా "యాజ్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్" అని మొదలెడతారు. "బాబూ, మీ అక్క పెళ్లికి లీవ్ అడుగుతున్నావు" అంటే తలెత్తి చూస్తారు. ఆ ఒక్క జ్వరం లెటరే వాళ్లకి వచ్చు. టీమ్ లీడర్‌కి "సర్వర్ పనిచేయడం లేదు, సాయంత్రానికి సరిచేస్తాం" అని రెండు లైన్ల మెయిల్ పెట్టమంటే మాత్రం చెమటలు. వ్యాకరణం బిట్ పేపర్ ఇస్తే పదికి తొమ్మిది!

చాక్‌పీసు

జ్వరం లెటరైనా వచ్చు కదా. అదీ రానివాళ్లని ఏం చేస్తారు?

తార్నాక

హైదరాబాదులోని ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) పరిశోధన చేస్తున్నాను, రెండో భాషలో రాయడం మీదే. అడవిబడి గారు పెట్టిన ఆ అయిదు వాక్యాలు నాకు బంగారంలా కనిపిస్తున్నాయి, ఎందుకో చెప్తాను.

"మై విలేజ్ ఇన్" అనేది అజాగ్రత్త కాదు, లెక్క. "ఊర్లో" అన్నప్పుడు మనకి "లో" పేరు తర్వాత వస్తుంది. ఉర్దూలో "గావ్ మే", మరాఠీలో "గావాత్" కూడా అంతే. గోండీ, కొలామీ ద్రావిడ భాషలు కాబట్టి వాటిలోనూ విభక్తి వెనకే. ఇంగ్లీషులో మాత్రం ముందు. "హ్యాండ్ క్యాచ్", "స్కూల్ గో" కూడా అదే తంతు: మీ క్లాసులో వినపడే భాషలన్నిట్లోనూ మామూలుగా క్రియ చివరే. అంటే ఇళ్లలో ఎన్ని భాషలున్నా ఇంగ్లీషు వాక్యం దగ్గరికొచ్చేసరికి మీ పిల్లలందరి ఇబ్బందీ చాలావరకు ఒక్కటే. మీరు ఆరు రకాల పాఠాలు చెప్పక్కర్లేదు.

తేడాలు వచ్చే చోట్లు కొన్ని ఉన్నాయి. ఉర్దూ పిల్ల "హీ", "షీ" కలిపేస్తుంది, ఎందుకంటే తనకి ఇద్దరూ "వో"నే, ఆడ మగ తేడా క్రియలో తెలుస్తుంది. తెలుగు పిల్లాడు "హీ మై టీచర్" అని ఊరుకుంటాడు, "ఆయన మా సారు" అనేటప్పుడు మధ్యలో ఏమీ ఉండదు కదా. ఉర్దూ, మరాఠీ పిల్లలకి "హై", "ఆహే" ఉన్నాయి కాబట్టి "ఈజ్" తొందరగా పట్టుబడుతుంది. ఇక "ఎ", "ది" మాత్రం ఎవరికీ లేవు. వాటిని ఎనిమిదో తరగతిలో అసలు పట్టించుకోకండి. పీహెచ్‌డీ వాళ్లం మేమూ తడబడతాం.

పాతబస్తీ

ఉర్దూ మీడియం పిల్లలకు ట్యూషన్ చెప్తా. తార్నాక చెప్పిన "వో" సంగతి నూరు పాళ్లు కరెక్ట్. ఇంకోటి: "ఇస్కూల్", "ఇస్టేషన్" అని పలికి అట్లనే ముందర "ఐ" పెట్టి రాస్తరు. తెలుగు పిల్లలు "ఎగ్"ని "యెగ్" అంటరు, వాళ్ల నోటుబుక్కుల వై కనవడ్తది. నవ్వకుండ్రి, నవ్విన్నాడు రాసుడు బంద్ చేస్తరు.

ఇర్వింగ్_అక్క

టెక్సాస్‌లో డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటున్నాను. ఎలిమెంటరీ స్కూల్లో ఈఎస్ఎల్ (ఇంగ్లీష్ రెండో భాషగా నేర్పే క్లాసు) సహాయకురాలిగా చేస్తున్నా. మా గదిలో స్పానిష్ పిల్లలు ఎక్కువ, అరబిక్ వాళ్లు, నేపాలీ వాళ్లు, మన తెలుగు పిల్లలు కూడా. ఇక్కడ వీళ్లని "ఎమర్జెంట్ బైలింగ్వల్", అంటే రెండు భాషల వాళ్లుగా ఎదుగుతున్న పిల్లలు, అంటారు. ఏటా టెల్పాస్ అని పరీక్ష పెడతారు: వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగూ విడివిడిగా చూస్తారు. ఒకే పిల్లాడు వినడంలో పై మెట్టు మీద, రాయడంలో అట్టడుగున ఉండటం ఇక్కడ మామూలు. "ఇంగ్లీష్ రాదు" అని మొత్తంగా ఒక్క ముద్ర వెయ్యరు, అది నాకు నచ్చింది.

ఆ కొలాం పిల్లల గురించి. కొత్తగా వచ్చిన పిల్లలు మా దగ్గరా నెలల తరబడి మాట్లాడరు. దాన్ని సైలెంట్ పీరియడ్ అంటారు. లోపల పని జరుగుతూనే ఉంటుంది. లేపి నిలబెట్టి "చెప్పు, చెప్పు" అంటే ఇంకా ముడుచుకుపోతారు. మేమైతే బొమ్మ గీయమంటాం, బొమ్మలోని వాటికి పేర్లు రాయమంటాం. గది మొత్తానికి కాకుండా పక్కనున్న ఒక్క స్నేహితురాలికి చెప్పమంటాం. అది కూడా మాట్లాడటమే.

రాయడానికి మేం రోజూ వాడేది సెంటెన్స్ స్టెమ్. వాక్యం మొదలు మనమిస్తాం, చివర పిల్లలు పూర్తి చేస్తారు. "వెన్ ఇట్ రెయిన్స్, ద రివర్…", "మై ఫాదర్ క్యారీస్…". మీ వాగు పిల్లకి ఈ రెండూ ఇచ్చి చూడండి. తన సంగతి తనదే, ఎముకలు మాత్రం మనం అరువిచ్చినవి.

చాక్‌పీసు

తల్లీ, మీరు చెప్పిన ఈ స్టెమ్ మా సబ్‌స్టిట్యూషన్ టేబులే. మా ట్రైనింగులో నాలుగు గళ్ల పట్టిక వేసి, ఒక్కో గడిలోంచి ఒక్కో మాట తీసి వాక్యం కట్టించమనేవాళ్లు. అమెరికా వెళ్లి కొత్త పేరు పెట్టుకుని తిరిగొచ్చింది. సంతోషం.

ఇర్వింగ్_అక్క

😄 మాస్టారూ, ఒప్పుకుంటున్నా. ఒక తేడా ఉంది. మీ టేబుల్లో ఆఖరి గడి కూడా మీరే నింపేవాళ్లు.

తార్నాక

ఎర్ర పెన్ను సంగతికి వస్తాను, అసలు గొడవ అక్కడే. 1996లో ట్రస్కాట్ అనే ఆయన వ్యాకరణం తప్పులు దిద్దడం వల్ల రాత బాగుపడదు, దండగ, పైగా చెడ్డ అని ఒక వ్యాసం రాశాడు. 1999లో డానా ఫెరిస్ గట్టిగా జవాబిచ్చింది: అన్నీ కలిపి పొరపాట్లే అంటే ఎలా, నియమం చెప్పి దిద్దుకోగలిగినవి కొన్ని, అలవాటుతో తప్ప రానివి కొన్ని అని. ఆ వాదం ఇంకా నడుస్తోంది. నా మటుకు ఫెరిస్ చెప్పినదే క్లాసుకి పనికొస్తుంది: ఒక్కోసారి ఒక్క రకం తప్పు పట్టుకోండి, మిగిలినవి కళ్లు మూసుకుని వదిలేయండి. ఆ వాగు వ్యాసంలో ఈ వారం క్రియ ఎక్కడుండాలో అదొక్కటే. "కమ్"కి "ఎస్" చేర్చడం తర్వాత.

ఇంకోటి, అరవై నోటుబుక్కులు దిద్దేవాళ్లకి. 1983లో హాస్‌వెల్ అనే అధ్యాపకుడు రాసిన పద్ధతి: తప్పు దిద్దొద్దు, గీత గీయొద్దు, ఆ లైను పక్కన మార్జిన్‌లో ఒక్క టిక్కు పెట్టి తిరిగిచ్చేయండి. ఆ లైన్లో ఏం తప్పుందో పిల్లలే వెతుక్కోవాలి. ఆయన విద్యార్థులు సగానికి పైగా తప్పులు తామే సరిచేసుకున్నారు. వాళ్లు అమెరికాలో కాలేజీ పిల్లలు, ఆ మాట మరవకూడదు. కానీ జంటలుగా కూర్చోబెట్టి వెతికిస్తే మన దగ్గరా నడుస్తుంది. టీచరుకి టైమూ కలిసొస్తుంది.

అనంతపురం_లారీ

నేను టీచర్ని కాదు, లారీ నడుపుతా. మా పాప గవర్నమెంటు స్కూల్లో ఏడో తరగతి, ఇంగ్లీషు మీడియం. ఇంట్లో ఎవరికీ ఇంగ్లీషు రాదు. నోటుబుక్కు తీస్తే అన్నీ రైటు టిక్కులే. సంతోషపడాల్నా, వద్దా తెలీదు. నాలాంటోళ్లు ఇంట్లో ఏం చేయాల చెప్పండి సార్.

ఇర్వింగ్_అక్క

అన్నా, మీకు ఇంగ్లీష్ అక్కర్లేదు. పాప రాసింది తెరిచి, "ఇందులో ఏం రాశావో నాకు తెలుగులో చెప్పు" అనండి. చెప్పగలిగితే తను రాసింది. చెప్పలేకపోతే బోర్డు చూసి దింపింది. మీరు ప్రయాణాల్లో చూసినవి ఫోన్లో చెప్పండి, అవి తను ఇంగ్లీష్‌లో రాస్తుంది. ఇక్కడ మా స్కూల్లో కూడా స్పానిష్ అమ్మానాన్నలకి ఇంట్లో మీ భాషే మాట్లాడండి, కథలు ఆ భాషలోనే చెప్పండి అనే చెప్తాం.

అనంతపురం_లారీ

ఇది చేయొచ్చు. థ్యాంక్స్ అక్కా.

వంశధార

సీతంపేట ఏజెన్సీలో పనిచేస్తున్నానండి, మా పిల్లలు సవరలు. ఇర్వింగ్ అక్క మాటకి తోడు ఒకటి చెప్పాలి. ఉమ్మడి రాష్ట్రంలో 2004లో ఎనిమిది గిరిజన భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టారు. సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా ఇటు. గోండీ, కొలామీ, కోయ, బంజారా అటు. చిన్న క్లాసులు ఇంటి భాషలో మొదలెట్టి మెల్లగా తెలుగులోకి తేవడం. ఆ బళ్లలో చదివి హైస్కూలుకొచ్చిన పిల్లలు కొందరు నా క్లాసులో ఉండేవారు. ఇంగ్లీషులో గొప్పోళ్లని చెప్పను. కాగితం చూస్తే భయపడేవారు కాదు, అది మాత్రం తెలిసేది.

గిడుగు రామమూర్తి పంతులు గారు పర్లాకిమిడిలో ఉండగా సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, బళ్లు పెట్టారు. ఆగస్టు 29న ఆయన ఫొటోకి దండలేసి తెలుగు గురించి ఉపన్యాసాలిస్తాం. సవర వాచకాల ఊసు ఎత్తినవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

తార్నాక

అడవిబడి గారి దగ్గర్లోనే అలాంటిది జరిగింది. మార్లవాయి అనే గోండు ఊళ్లో 1943లో హైమన్‌డార్ఫ్ అనే మానవశాస్త్రవేత్త గోండు యువకులకి టీచరు శిక్షణ మొదలుపెట్టించాడు. గోండీ వాచకాలు దేవనాగరి లిపిలో వేశారు. ఆ పిల్లలు ముందు తమ మాట చదవడం నేర్చుకుని తర్వాత వేరే భాషలకి వెళ్లారు. ఇప్పుడైతే గోండీకి ఉన్న గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో (కంప్యూటర్లు, ఫోన్లు వాడే అక్షరాల పట్టికలో) కూడా చేరింది.

చాక్‌పీసు

చరిత్ర బాగుంది. పరీక్ష మార్చిలో ఉంది.

మోడరేటర్

మీడియం మీద రాజకీయ చర్చకి వేరే థ్రెడ్ ఉంది, అక్కడ రాయండి. ఇక్కడ రాయించడం గురించే. రెండు పోస్టులు తీసేశాను.

అడవిబడి

అందరికీ థ్యాంక్స్. ఇర్వింగ్ అక్క, తార్నాక చెప్పినవి కలిపి చేసిన, ఎట్లయిందో రాస్తున్న.

అంశం మార్చిన. "మా ఊరు" పక్కకు పెట్టి గోండుల నాగోబా జాతర అన్న. కేస్లాపూర్ జాతరకు మా పిల్లలల్ల పోనోళ్లు తక్కువ. పుష్య అమావాస్యకు ముందు మెస్రం వంశపోళ్లు గోదావరి నీళ్ల కోసం కాలినడకన పోయి తెస్తరు కదా, క్లాసుల మెస్రం ఇంటి పిలగాడే ఉన్నడు. ముందుగాల ఇంగ్లీష్ వద్దు, ఎవరి భాషల వాళ్లు చెప్పుండ్రన్న. ఆ పిలగాడు గోండీల మొదలుపెట్టిండు. క్లాసుల ఎన్నడూ నోరు తెరవని కొలాం పిల్లల్ల ఒకామె, గోండీ పిల్లలకు మధ్యల అడ్డం తలిగి ఏదో సవరించింది. వాళ్లకు గోండీ మంచిగనే వచ్చు, నాకు ఆ సంగతే ఎరుక లేదు. ఒకరు దాన్ని తెలుగుల చెప్పిన్రు. బోర్డు మీద నేను స్టెమ్ రాసిన, వాక్యాలు క్లాసంత కలిసి కట్టిన్రు:

"మై అంకుల్ వాక్స్ వితౌట్ చెప్పల్స్. హీ బ్రింగ్స్ వాటర్ ఫ్రమ్ ది గోదావరి. మెనీ పీపుల్ వాక్ విత్ హిమ్."

"బ్రింగ్స్ వాటర్"కా "వాటర్ బ్రింగ్స్"కా అని పెద్ద లొల్లి అయింది. ఒక తండా పిల్ల లేచి, "వాటర్ బ్రింగ్స్ అంటే నీళ్లే మామను మోసుకొచ్చినట్టయితది టీచర్" అన్నది. నేను చెప్పే పాఠం ఆమె చెప్పేసింది. ఆ వాక్యాలు అట్టల మీద రాసి, కత్తెరతోని మాట మాటకు కత్తిరించి, తెల్లారి కలిపి ఇచ్చిన. పేర్చుడు ఆటలెక్క అయింది. ఆ తర్వాత విడివిడిగ రాయమంటే గైడు వ్యాసం ఒక్కటి రాలేదు, రాసేందుకు గైడుల నాగోబా ఉంటే కదా.

పేజీల తప్పులు బొచ్చెడు. మార్జిన్ల టిక్కులు పెట్టి జంటలుగ వెతికించిన. క్రియ జాగా చాన మంది సరిచేసిన్రు. "టుడే మార్నింగ్", "వన్ బాయ్ ఈజ్ దేర్" అట్లనే ఉన్నయి, ముట్టలేదు.

చాక్‌పీసు సార్, పదో తరగతిల బయోగ్రాఫికల్ స్కెచ్ అడుగుతరు కదా. దానికి కూడ గైడుల పేర్లు కాకుండ గోండుల గుస్సాడీ ఆట ఆడిన కనకరాజు గారిని తీస్కుందామనుకుంటున్న. మార్లవాయి ఆయన ఊరు, 2021ల పద్మశ్రీ వచ్చింది, 2024ల పోయిండు. పట్టిక ఇచ్చి పేరా రాయించుడు. ఈ పిల్లల్ల కొందరు దండారి పండుగల ఆయన ఆట చూసినోళ్లే.

చాక్‌పీసు

అది బాగుంది. మనస్ఫూర్తిగా అంటున్నాను. పరీక్షలో ఎవరి పట్టిక ఇచ్చినా చట్రం అదే కాబట్టి నష్టం లేదు.

అయితే బట్టీని అంత తీసిపారేయకండి. వేమన పద్యాలు అర్థం తెలిసి నేర్చుకున్నామా? నోటికొచ్చింది, అర్థం తర్వాత అదే వచ్చింది. నోట్లో నానితేనే కలంలోకి దిగుతుంది. మీ పిల్లలు కట్టిన ఆ నాగోబా వాక్యాలే రోజూ నాలుగు అప్పజెప్పించుకోండి. గైడు వ్యాసం కంఠతా పడితే జ్వరం లెటరే మిగులుతుందని అమీర్‌పేట్ గారన్నారు, నిజమే. తన వాక్యమే తనకి కంఠతా వస్తే అది ఎక్కడైనా వాడుకుంటుంది.

మార్కుల మాట కూడా చెబుతాను, మొదట అడిగారు కాబట్టి. ఎఫ్ఏలో (ఏడాది మధ్యలో బళ్లోనే వేసే మార్కుల్లో) రాత అంశాల మార్కులు మీ చేతిలోవి. అక్కడ వాగు పిల్లకి ఎక్కువ వేయండి, గైడు వ్యాసానికి తక్కువ వేసి ఎందుకో చెప్పండి. ఎస్ఏ (పెద్ద పరీక్ష) పేపరు దగ్గరికొచ్చేసరికి మాత్రం స్పెల్లింగుకి, అక్షరానికి కట్టుబడాలి. పిల్లకి రెండు లెక్కలూ తెలిసి ఉండాలి, దాచకండి.

అమీర్‌పేట్_ట్రైనర్

మాస్టారూ, మీరు, నేను ఒక్క మాట మీదకొచ్చాం. స్క్రీన్‌షాట్ తీసుకుంటున్నా.

అడవిబడి

ఎఫ్ఏ సంగతి అట్లనే చేస్త సార్. ఇంకో పెద్ద చిక్కు మిగిలింది. నాగోబా పాఠంల వెనక బెంచి వాళ్లు నలుగురైదుగురు అట్టలు పేర్చలేకపోయిన్రు. వాళ్లకు ఇంగ్లీష్ అక్షరాలే సక్కగ రావు. "బి", "డి" తారుమారు. ఎనిమిదోకొచ్చి ఏబీసీడీ అంటే తోటి పిల్లల ముందు సిగ్గుపడ్తరు. వాళ్లను ఎట్ల పట్టాలె?

పాతబస్తీ

నా దగ్గర సగం మంది అట్లాంటోళ్లే, మేడం. ఏ నుంచి జెడ్ వరకు వరుసగ పోకుండ్రి. అక్షరం పేరు కాదు, సప్పుడు చెప్పుండ్రి. ఫోనిక్స్‌ల ముందుగాల ఎస్, ఏ, టీ, ఐ, పీ, ఎన్ ఈ ఆరూ నేర్పుతరు, ఎందుకంటే ఈ ఆరుతోటే శానా మాటలైతయి: సిట్, టిన్, పిన్, న్యాప్, ప్యాంట్. రెండో వారంలనే వాళ్లంతట వాళ్లు మాట చదివితరు, మొఖం మారిపోతది. "బి", "డి" ఒకే రోజు చెప్పకుండ్రి, ఒకటి గట్టిగ వచ్చినంకనే ఇంకోటి. నేను మధ్యల పదిహేను రోజులు వదుల్త.

సిగ్గు సంగతికి: పెద్ద పిల్లల చేతికి యాపిల్, బాల్ బొమ్మల పుస్తకం ఇయ్యొద్దు. బస్సు బోర్డులు, మొబైల్ రీఛార్జి మెసేజీలు, మందుల డబ్బాలు, క్రికెట్ స్కోర్లు ఇయ్యుండ్రి. అండ్ల ఆ ఆరు అక్షరాలు ఎక్కడున్నయో సున్న చుట్టమనుండ్రి. ప్రార్థన కంటె ముందు పావుగంట, వేరే గదిల. క్లాసు జరుగుతుంటే పక్కకు పిలిస్తే రేపు బడికే రారు.

వంశధార

పావుగంట ప్రార్థనకి ముందంటే మా దగ్గర కుదరదండి, పిల్లలు కొండ దిగి వచ్చేసరికే బెల్లు కొట్టేస్తారు. మధ్యాహ్న భోజనం అయ్యాక పెట్టుకున్నాం, చేతులు కడుక్కుని వరండాలో. అడవిబడి గారికీ అదే వీలనుకుంటాను, వాగులు దాటి వచ్చే పిల్లలు కాబట్టి.

అడవిబడి

భోజనం తర్వాతనే నయం. రీఛార్జి మెసేజీల ఐడియా మస్తుంది, పొద్దున స్టాఫ్ రూంల అందరి ఫోన్లు అడుగుత. తార్నాక గారూ, కనకరాజు గారి పట్టిక తయారు చేసి ఇక్కడ పెడ్త, ఇంగ్లీష్ ఒకసారి చూసి చెప్పుండ్రి.

తార్నాక

పెట్టండి. "ఎ", "ది" మాత్రం అడగొద్దు.